లిఫ్టమ్మ మణికట్టు

దుప్పటి పిండడం ఇద్దరు మనుషుల పని. ఒకరు ఇటు చివర, ఒకరు అటు చివర పట్టుకుని, ఒకరు కుడికీ మరొకరు ఎడమకీ మెలిపెడితే నీళ్ళు ధారకట్టి జారిపోతాయి. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురున్నా, అటు చివర పట్టుకునేది మాత్రం పెరట్లో కుళాయి. దాని మెడకి దుప్పటి చుట్టి, కాళ్ళు రెండూ తన్నిపెట్టి, ఒక్కతే మెలితిప్పుతుంది కోడలు. కుళాయి పాపం సాయంగా అటు తిప్పదు, అలాగని మధ్యలో వదిలేసి పేపరు చదువుకోడానికీ వెళ్ళిపోదు. ఆ లెక్కన ఆ ఇంట్లో కాస్త నమ్మదగ్గ మనిషి అదే.

బట్టలుతికే మిషన్ లేక కాదు. హాల్లో ఉంది, నిండుగా పూల గుడ్డ కప్పుకుని, నెత్తిన ఫ్లవర్‌వాజు పెట్టుకుని, పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. "మిషన్లో వేస్తే మురికి పోదమ్మాయ్, బట్ట పోతుంది" అంటుంది అత్తగారు. విచిత్రమేమిటంటే ఆ కోడలు పనిచేసే హోటల్లో అలాంటివి, అంతకు పదింతలవి, ఆరు మిషన్లున్నాయి. చెడిపోతే బాగుచేసేది ఈవిడే. ఊరందరి దుప్పట్లూ మిషన్లో తిప్పించి, ఇంటికొచ్చి తన దుప్పట్లు చేత్తో పిండుకునేది.

హోటల్లో ఆమెని లిఫ్టమ్మ అంటారు. పన్నెండంతస్తులు, నాలుగు లిఫ్టులు. ఆరేళ్ళ కిందట బల్బులు మార్చే పనిలో చేరింది. ఓసారి పెళ్ళివాళ్ళు ఎనిమిదిమంది ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోతే, కంపెనీ మనిషి వచ్చేలోగా, పక్కనుంచి చూసి చూసి నేర్చుకున్న విద్యతో తలుపు తీసి వాళ్ళని బయటికి లాగింది. బయటికొచ్చిన ముసలాయన చేతులు జోడించి "అమ్మా, లిఫ్టమ్మా" అన్నాడట. అంతే, అసలు పేరు జీతాల కాగితాల్లోనే మిగిలింది. అప్పట్నించీ లిఫ్టు చప్పుడు కాస్త తేడాగా వినిపిస్తే చాలు, పసిపిల్ల దగ్గు విన్న తల్లిలా తలెత్తేది. ఆమెకి ఈ లోకంలో తనదీ అని చెప్పుకోడానికి ఏమైనా ఉందంటే ఆ నాలుగు లిఫ్టులే.

ఆమె మొగుడు అదే హోటల్లో స్టోరు కీపరు. అడుగంతస్తులో కటకటాల కిటికీ వెనక కూర్చుని బల్బులూ మేకులూ ఇస్తూ, రిజిస్టర్లో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ ఉంటాడు. "స్టోరాయన బల్బు ఎత్తి ఇస్తాడు, పెళ్ళాం లిఫ్టే ఎత్తుతుంది" అని పనివాళ్ళు పరాచికాలాడితే పైకి నవ్వేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి. ఆ చెవుల సంగతి లిఫ్టమ్మ చాలా ఆలస్యంగా గమనించింది.

ఒక సోమవారం పొద్దున్న ఇంజనీరుగారు పనివాళ్ళందర్నీ పిలిచి బల్లమీద రెండు పనిముట్లు పెట్టాడు. రెండూ మడతపెట్టేవే. విప్పితే ప్లయరు, చాకు, రంపం, స్క్రూడ్రైవర్లు, కత్తెర, అన్నీ ఒకదాన్లోంచి ఒకటి వచ్చే మల్టీటూళ్ళు. ఒకటి ఇటికముక్కలా బండగా, బరువుగా ఉంది. ఇంకోటి సన్నగా, చొక్కా జేబులో పెట్టుకుని మర్చిపోయేంత తేలిక.

"తలా ఒకటి. శుక్రవారంలోగా ఎవరికేది కావాలో రాసివ్వండి. వచ్చే నెలనించి మిమ్మల్ని రెండు జట్లు చేస్తున్నాను. బ్రేక్‌డౌను జట్టుకి లిఫ్టులు, జనరేటరు, మోటార్లు. రౌండ్ల జట్టుకి గదులు, కుళాయిలు, బల్బులు, కర్టెన్ల కొక్కేలు. పనిముట్టుకీ జట్టుకీ సంబంధం లేదు. మీ చేతికి ఏది నప్పితే అదే రాయండి."

పనివాళ్ళు ఊరుకుంటారా? సాయంత్రానికల్లా పెద్దదానికి బావగారనీ, చిన్నదానికి మరదలనీ పేర్లు పెట్టేశారు.

"నాకు బావగారే కావాలి. నడుముకి వేలాడుతుంటే ఆ దర్జా వేరు" అన్నాడు ఎలక్ట్రీషియను. ఆయన్ని పొడుగు అంటారు. నిచ్చెన లేకుండానే బల్బు మారుస్తాడు.

"నీ ప్యాంటు నిలబడితే కదరా దర్జా" అన్నాడు ప్లంబరు మావయ్య. "అమ్మడూ, నీకేది?"

"రెండింటితోనూ కాపరం చేసి చూసి చెబుతాను మావయ్యా."

నిజంగా అలాగే చేసింది. రెండు రోజులు బావగారితో, ఒక రోజు మరదలితో. బావగారికి బలముంది, కాదనడానికి లేదు. లావుపాటి తీగ పెడితే కటుక్కున కొరికేస్తాడు. కానీ నడుస్తుంటే నడుముని ఒక పక్కకి లాగుతాడు, నిచ్చెనెక్కితే ప్రతి మెట్టుకీ ఠంగుమంటాడు. అసలు సమస్య అది కాదు. లిఫ్టు తలుపు పైన చిన్న పెట్టెలో గడియ ఉంటుంది. నూటికి డెబ్భైసార్లు లిఫ్టు ఆగేది అక్కడే. ఆ గడియ వెనక వేలెడు సందు. బావగారి మూతి ఆ సందులో దూరదు. మరదలిది కొంగ ముక్కు. సన్నగా లోపలికి పోయి స్ప్రింగుని పట్టుకుని మెల్లిగా లాక్కొస్తుంది. పెద్ద నట్లకి సంచీలో స్పానర్లు ఎలాగూ ఉన్నాయి. ఇంత ఇటికముక్క నడుముకి కట్టుకుని తిరిగితే ఒరిగేదేమిటి, పదిమంది చూడ్డం తప్ప? గురువారానికి ఆమె మనసు తేలిపోయింది. చిన్నదే.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె గిన్నెలు తోముతుంటే మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మామూలుగా అయితే "టీ" అనే ఒక్క అక్షరం కోసం వస్తాడు. ఆ రోజు అది అడగలేదు.

"ఏం తేల్చుకున్నావ్?"

"చిన్నదేనండీ. లిఫ్టు గడియకి అదే పనికొస్తుంది."

"చెయ్యేమైనా నొప్పిగా ఉంటోందా? మొన్న దుప్పట్లు పిండుతూ చెయ్యి విదిలించుకుంటుంటే చూశాన్లే."

చూశాడట! ఆ ఒక్క మాటకి లిఫ్టమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అతను ఆమె వండింది చూశాడు, ఉతికింది చూశాడు, మర్చిపోయింది మరీ మరీ చూశాడు. నొప్పిని చూడ్డం ఇదే మొదలు.

అతను నూనె కాస్త వెచ్చబెట్టి తెచ్చాడు. పీట వేసుకుని ఎదురుగా కూర్చుని ఆమె కుడిచెయ్యి తన మోకాలిమీద పెట్టుకున్నాడు. "ఎక్కడ? ఇక్కడా?" బొటనవేలి మొదట్లో నొక్కాడు. అక్కడే. సరిగ్గా అక్కడే. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు. గోరువెచ్చని నూనె, అతని బొటనవేలు మెల్లిగా గుండ్రంగా తిరగడం, అవతలి గదిలో అత్తగారి టీవీ. ఇలాంటప్పుడు ఏ మనిషి నోరు కట్టేసుకుంటుంది? చెప్పేసింది. దుప్పట్లు పిండిన మర్నాడు వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదని చెప్పింది. కప్పు ఎడంచేత్తో పట్టుకుంటున్నానని చెప్పింది. ఆర్నెల్ల కిందట తొమ్మిదో అంతస్తులో లిఫ్టు గోతిలోకి స్పానరు జారిపోయిందనీ, కింద మనుషులెవరూ లేకుండా మూసేసే పనిచేస్తారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదనీ, అయినా వారం రోజులు ఆ చప్పుడు చెవుల్లో వినిపించిందనీ, ఆనాటినుంచి ప్రతి పనిముట్టుకీ తాడు కట్టి చేతికి తగిలించుకుంటున్నాననీ కూడా చెప్పింది. కన్నతల్లికి చెప్పని సంగతది.

"ఎవరితోనూ అనకండి."

"నేనెందుకంటాను, పిచ్చిదానా!" అన్నాడు. అంటూ నెత్తిమీద చిన్నగా మొట్టాడు కూడా. ఆ మొట్టికాయకి ఆవిడ కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. మర్నాడు కాగితంమీద చిన్నది కావాలని రాసి, సంతకం పెట్టి, స్టోరు కిటికీలోంచి అతని చేతికే ఇచ్చింది. అందరి కాగితాలూ అతని చేతిమీదుగానే పైకి వెళ్ళాలి.

మళ్ళీ సోమవారం వచ్చేసరికి లిఫ్టమ్మకి రాజభోగం పట్టింది. నిచ్చెన ఎత్తబోతే పొడుగు పరిగెత్తుకొచ్చి లాక్కున్నాడు. "నువ్వుండక్కా, నేను తెస్తాగా." పనిసంచీ మావయ్య భుజానికెక్కింది. తలుపు ముందే తెరుచుకుంటోంది. ఎవరో మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చారు. ఇవాళ ఏం జరిగింది, కొంపదీసి నేను గానీ చచ్చిపోతున్నానా, అని ఆవిడకి నవ్వొచ్చింది. మధ్యాహ్నం దాకా నవ్వుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం నోటీసుబోర్డుమీద జట్ల జాబితా పెట్టారు. బ్రేక్‌డౌను జట్టులో ఐదు పేర్లు. ఆమెది లేదు. వేలు పెట్టి పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చదివింది. ఉంది. రౌండ్ల జట్టులో, చివర. గదులు, కుళాయిలు, బల్బులు, కర్టెన్ల కొక్కేలు. ఆరేళ్ళ కిందట ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే, నిచ్చెన లాగేసినట్టు.

"చెయ్యెలా ఉందక్కా?" అన్నాడు పక్కనుంచి పొడుగు, గొంతు తగ్గించి. పాపం మంచిగానే అన్నాడు.

"నా చెయ్యా? నా చేతికేమైంది?"

పొడుగు అంత పొడుగు మనిషీ ఒక్కసారిగా కుంచించుకుపోయాడు. "అదే... స్టోరు అన్న చెప్పాడు. శనివారం అన్నం వేళ. జాగ్రత్తగా చూసుకోండ్రా అన్నాడు."

లిఫ్టమ్మ తిన్నగా ఇంజనీరుగారి గదికి వెళ్ళింది.

"సార్, పనిముట్టుకీ జట్టుకీ సంబంధం లేదన్నారు."

"లేదు."

"మరి చిన్నది రాశానని నన్ను తీసేశారు కదండీ."

"అందుకు కాదమ్మా." ఆయన ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఇటు తిప్పాడు. "దీనికి."

గుండ్రటి అక్షరాలు. దూరంనించే పోల్చుకుంది. రిజిస్టర్లో మేకుల పక్కన, బల్బుల పక్కన ఆరేళ్ళుగా చూస్తున్న అక్షరాలు. నా భార్యకి కుడి మణికట్టు పట్టు తప్పిందనీ, వేళ్ళు ముడుచుకోవడం లేదనీ, అందుకే తేలికదాన్ని కోరుకుందనీ, సిగ్గుపడి మీతో చెప్పుకోలేకపోతోందనీ, తొమ్మిదో అంతస్తులో స్పానరు జారవిడిచిందనీ, కాబట్టి బరువు పనులూ లిఫ్టు పనులూ ఆమెకి అప్పగించవద్దని మనవి అనీ. దుప్పట్ల మాట లేదు. చేతికి కట్టుకుంటున్న తాడు మాట లేదు. హోటల్లో ఏ కాగితంమీదైనా స్టోర్ కీపర్ అని సంతకం పెట్టే మనిషి దీని కింద మాత్రం ‘ఇట్లు, భర్త’ అని పెట్టాడు.

"స్పానరు జారడం నిజమేనా?" అన్నాడు ఇంజనీరు.

"నిజమేనండీ."

"నాకు చెప్పాలా వద్దా?"

"చెప్పాల్సింది. తప్పే. అప్పట్నించీ తాడు కడుతున్నాను. కావాలంటే మావయ్యనడగండి."

ఆయన కాసేపు పెన్ను తిప్పాడు. చెడ్డవాడేం కాదు, కాకపోతే కాగితానికి భయపడే మనిషి. "చూడమ్మా, భర్తే రాసిచ్చాక నేను కాదని నిన్ను గోతిలోకి దింపితే, రేపేదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. ఒక్క పని చెయ్యి. పెద్దది కావాలని మార్చి రాసివ్వు. అది నడుముకి పెట్టుకుని తిరుగు. చెయ్యి బాగానే ఉందని అందరికీ తెలుస్తుంది. ఈ కాగితం పక్కన పెట్టేస్తాను."

"లిఫ్టు గడియలో అది దూరదు సార్."

"దూరకపోతే చిన్నది సంచీలో వేసుకో. ఎవరు చూడొచ్చారు? రేపు పొద్దున్నకల్లా చెప్పు." కొత్త ఫారం ఒకటి చేతికిచ్చాడు.

ఆమె మెట్లు దిగి స్టోరుకి వచ్చింది. లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు. కటకటాల అవతల మొగుడు ట్యూబులైట్లు సర్దుతున్నాడు. ఆమె మొహం చూడగానే అర్థమైంది అతనికి.

"నీ మంచికే రాశాను" అన్నాడు, ఆమె ఇంకా ఏమీ అనకుండానే.

"ఎవరితోనూ అనకండన్నాను."

"ఎవరితో అన్నాను? ఇంజనీరుతో చెప్పాను, అంతేగా. పొడుగు సొంత తమ్ముడి లాంటివాడు. అయినా బ్రేక్‌డౌను జట్టంటే ఏమనుకుంటున్నావ్? పనయ్యేదాకా ఇంటికి పంపరు. అమ్మకి ఆరింటికి టీ ఎవరిస్తారు? నేనొచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంటే నాకెలా ఉంటుంది? నీ ఒంటి గురించి నేను కాకపోతే ఎవరు పట్టించుకుంటారే?"

"ఆ రోజు నూనె రాసినప్పుడే ఇది రాద్దామనుకున్నారా?"

అతను ఒక ట్యూబులైటు తీసి, దుమ్ము లేకపోయినా తుడిచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంతా అయిపోయిందిగా, ఇంక సాగదీయకు" అన్నాడు చివరికి. తర్వాత, ఏమీ జరగనట్టు, రోజూ అనే గొంతుతోనే, "ఆఁ, అమ్మ ఫోన్ చేసింది. దుప్పట్లు రెండు నానబెట్టిందిట. వెళ్ళగానే పిండెయ్యి, వాసనొస్తాయి."

అప్పుడు నవ్వొచ్చింది లిఫ్టమ్మకి. కటకటాలు పట్టుకుని నవ్వింది. బరువు పనులు చెయ్యకూడని చెయ్యి, లోకానికంతటికీ చాటింపు వేసిన చెయ్యి, తడిదుప్పట్లు పిండటానికి మాత్రం నిక్షేపంలా పనికొస్తుంది! అతను కోప్పడి ఆ ఉత్తరం రాసి ఉంటే బావుండును. తిట్టి, తలుపులు ధడేలుమనిపించి, ‘నువ్వా జట్టులోకి వెళ్ళడానికి వీల్లేదు’ అని ఉంటే పోట్లాడేది, ఏడ్చేది, చివరికి గెలిచేదో ఓడేదో. ఇతను పీట వేసుకుని కూర్చున్నాడు. నూనె వెచ్చబెట్టాడు. ఎక్కడ, ఇక్కడా, అని వేలు పెట్టి వెతికి వెతికి, నొప్పి ఎక్కడుందో కనుక్కుని, కనుక్కున్నదాన్ని కనుక్కున్నట్టుగా గుండ్రటి అక్షరాల్లో పెట్టాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినప్పుడు అతను చూశాడు కూడా. అప్పుడతని మనసులో ఉన్నది ఆరింటి టీయేనా? పదకొండేళ్ళలో ఒక్కసారి దొరికిన మెత్తటి మాట, అదీ బిగించడానికి తెచ్చిన మరమేకేనా? పెద్దదాన్ని నడుముకి వేలాడేసుకుని తిరగమన్నాడు ఇంజనీరు. ఎందుకు? ఈయన ఆడిన అబద్ధం అబద్ధమని ఋజువు చెయ్యడానికి తనింకో అబద్ధం మొయ్యాలి. అదీ ఇటికముక్కంత బరువుది. వేషం వేస్తే లిఫ్టులు దక్కుతాయి. వేషం వెయ్యకపోతే కర్టెన్ల కొక్కేలు. ఆ లిఫ్టుల కోసం వేషమైనా వేద్దామా అని ఒక నిమిషం నిజంగా ఊగింది మనసు. ఎందుకూగదు? నాలుగూ తన పిల్లల్లాంటివి.

ఆ సాయంత్రం అత్తగారు బకెట్టు చూపించింది. లిఫ్టమ్మ హాల్లోకి వెళ్ళి ఫ్లవర్‌వాజు దించి, పూల గుడ్డ తీసి మడతపెట్టి, దుప్పట్లు మిషన్లో వేసి మీట నొక్కింది.

"అయ్యో అయ్యో, బట్ట పోతుందే!"

"నా చెయ్యి పోయిందిట కదత్తయ్యా. మీ అబ్బాయి ఆఫీసులో రాసిచ్చారు. బట్టైతే ఇంకోటి కొనుక్కోవచ్చు."

పడక్కుర్చీలో ఉన్న మొగుడు పేపరు దించి చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఇల్లంతా మిషన్ చప్పుడు. ఆ చప్పుడులో బేరింగు కాస్త అరిగినట్టుందని ఆమె చెవికి తెలిసింది. దాని పని తర్వాత చూడొచ్చు.

మర్నాడు పొద్దున్నే పన్నెండో అంతస్తు దాటి లిఫ్టు మోటార్లుండే గదికి ఎక్కింది. అక్కడ ఒక ఇనప స్టూలు, చిన్న కిటికీ, నాలుగు మోటార్లు. ఏదో ఒకటి ఎవర్నో మోసుకుని పైకో కిందికో తిరుగుతూనే ఉంటుంది. ఫారం ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

కావలసిన పనిముట్టు: చిన్నది.

కారణం: లిఫ్టు గడియ వెనక సందులో పెద్దది దూరదు. నమ్మకం లేకపోతే నాలుగు లిఫ్టుల దగ్గరా నిలబడి చూపిస్తాను.

కోరుకునే జట్టు: బ్రేక్‌డౌను.

ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అన్నచోట చాలాసేపు ఆగింది. లేవని రాసెయ్యొచ్చు. చెయ్యి కళ్ళముందే ఉంది, బొటనవేలి మొదట్లో కాస్త ఉబ్బి. రాసింది: కుడి మణికట్టు నొప్పి. ఇంట్లో దుప్పట్లు పిండటంవల్ల వచ్చింది. పిండటం మానేశాను. గురువారం డాక్టరుకి చూపిస్తున్నాను, ఆయన రాసిచ్చిన కాగితం తెచ్చిస్తాను. తొమ్మిదో అంతస్తులో స్పానరు జారింది నా చేతిలోంచే. అప్పుడే చెప్పనందుకు తప్పు నాది. తాడు కట్టే పద్ధతి జట్టంతటికీ నేర్పుతాను.

దీనికి ఇంజనీరు ఊఁ అంటాడో ఉహుఁ అంటాడో ఆమెకి తెలియదు. పేరు రౌండ్లలోనే ఉండిపోవచ్చు. ఏడాదిపాటు కర్టెన్ల కొక్కేలు బిగించాల్సి రావచ్చు. అయినా రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా ఇంకొకరి నోటితో చెప్పింది లేదు.

కాగితం మడవబోతే కింద ఇంకో గడి కనిపించింది. ఆఫీసువాళ్ళు పాత కాగితాలు చూసి ముందే నింపేశారు. ఈ ఉద్యోగి ఆరోగ్యం గురించి తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలి, అని ఉంది. ఎదురుగా: భర్తని.

లిఫ్టమ్మ ఆ మాటని అడ్డంగా కొట్టేసి పక్కన రాసింది.

నన్ను.